చుక్కమ్మ మురుగు

"గురువుగారూ, బంగారంలోకి ఎక్కే యోగ్యత ఏ జంతువుకుంది, ఏ జంతువుకు లేదు? దీనికేమైనా లెక్క ఉందా?"

ఈ ప్రశ్న అడిగినవాడు భావనారాయణ. అడిగింది పట్నాల సోమలింగాచారిగారిని. జమీందారీలు నడిచిన రోజుల్లో సాలివాడ దివాణానికి నగలు చేసిన ఆచారి ఆయన. ఆయనకొక అలవాటుండేది. శిష్యులు ప్రశ్న వేస్తే జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. బంగారం ఏ వేడికి కరుగుతుందని అడిగినవాడు పదిరోజులు ఊదుగొట్టం వదలకుండా కుంపటి ఊదవలసి వచ్చింది. పాత నగకు మెరుగు ఎందుకు తగ్గుతుందని అడిగిన మా తాతగారి చేత దివాణంలోని పాత నగలన్నీ కుంకుడు రసంతో కడిగించారు. అందుచేత ఆయన నగల కొట్టంలో సందేహాలు చాలామందికి ఉండేవి గానీ అడిగేవాళ్లు తక్కువ. నేను చెప్పబోయేది మా తాతగారు చెప్పగా విన్నదే. ఆయన కొంచెం పెంచి చెప్పి ఉంటే ఆ పాపం ఆయనది, నేను మరికొంచెం పెంచితే నాది.

ఆ కొట్టంలో జంతువులకు కొదవలేదు. పండితుడికి సన్మానం జరిగితే సింహతలాటం, అంటే రెండు సింహపు తలలు ఎదురెదురుగా నోళ్లు తెరిచి ఉండే కడియం. రాజుగారి ముంజేతికి మొసలి నోరూ ఏనుగు తొండమూ కలిసిన మకరం. పెళ్లికూతురి పతకంలో హంస, చెవులకు నెమళ్లు, జడకు పడగ విప్పిన పాము, వడ్డాణం పొడవునా ఏనుగుల బారు. ఏ తలకు ఎన్ని పళ్లు, ఏ కంటికి ఏ రాయి, సింహం మెడ మీద ఎన్ని ఉంగరాల జుట్టు, అన్నిటికీ తాతముత్తాతల నాటి కొలతలున్నాయి. భావనారాయణ వాటిని కళ్లు మూసుకుని అప్పజెప్పగలడు, కళ్లు తెరిచి అంతకంటే బాగా చేయగలడు. ఆ సంగతి అతనికి తెలుసు, తెలుసునన్న సంగతి మిగతావాళ్లకు రోజూ తెలిసేలా చేసేవాడు.

అయినా అతను ఇంకా శిష్యుడే. ఆ కొట్టంలో శిష్యరికానికి గడువు లేదు, పట్టా లేదు. గురువుగారు అందరినీ "ఒరే" అనే పిలిచేవారు. నగ చేయించుకోవడానికి వచ్చినవారి ముందు ఏదో ఒకనాడు ఒకణ్ణి పేరు పెట్టి "ఆచారిగారు" అనేవారు. అంతే, ఇంకే తతంగమూ ఉండదు. ఆ మర్నాటి నుంచి అతనికి వేరే పీట, వేరే కుంపటి, తన పేరు మీద పని. భావనారాయణ ఆ ఒక్క మాట కోసం తొమ్మిదేళ్లుగా కాచుకుని ఉన్నాడు. మేనమామ కూడా కాచుకునే ఉన్నాడు, సొంత కుంపటి లేనివాడికి పిల్లనివ్వనని.

ఆ ఏడు దసరాకు రాణీగారు కొత్త మురుగులు, అంటే చేతి కడియాలు, చేయించుకుంటారని దివాణం నుంచి కబురు పొక్కింది. ఆ పని తన చేతికి వస్తుందనీ, దాంతో ఆ మాట కూడా వస్తుందనీ భావనారాయణ ఆశపడ్డాడు. సరిగ్గా ఆ వారంలోనే, కోటకు పాలు పోసే అప్పలనరసమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని కొట్టం గుమ్మంలోకి వచ్చింది. యాభై దాటిన మనిషి. ముప్పై గేదెల పాడి, నలుగురు ఎదిగిన పిల్లలు, చేతులకు మాత్రం గాజులు తప్ప ఇంకేమీ లేవు.

"ఆచారి బాబూ, ఈ సేతికి నాకొక మురుగు కావాల. దానిమీద మా సుక్కమ్మ తల ఉండాల" అంది.

"చుక్కమ్మ అంటే మీ ఇలవేల్పా అమ్మా?" అని అడిగారు సోమలింగాచారిగారు.

"కాదు బాబూ, మా గేదె."

కొట్టం మొత్తం నవ్వింది. మా తాతగారు ఊదుతున్న గొట్టంలోకే నవ్వేసరికి కుంపట్లో బూడిద లేచి ఆయన మీసాలకే అంటుకుందట. అందరికంటే గట్టిగా నవ్వినవాడు భావనారాయణ. గురువుగారు మాత్రం నవ్వలేదు. ఎప్పటికి కావాలని అడిగారు.

"అది బతికుండగా కావాల బాబూ. ముసిల్ది అయిపోనాది. సేతికి పెట్టుకుని దానికొక్కపాలి సూపించాల. ఆ పైన దాని ఇష్టం."

ఆమె వెళ్లిపోయాక భావనారాయణ వేసిన ప్రశ్నే మొదట చెప్పాను. సింహానికి శౌర్యం ఉంది, హంసకు నడక ఉంది, పాముకు పడగ ఉంది, గేదెకేముందని అతని బాధ. గురువుగారు చేతిలోని పటకారు కింద పెట్టి శిష్యుణ్ణి ఆపాదమస్తకం చూశారు.

"బాగా అడిగావురా. ఆ గేదెను నువ్వే చెయ్యి" అన్నారు.

భావనారాయణ ముఖం చూడవలసిందేనట. రాణీగారి మురుగులు కలగంటున్నవాడికి గేదె తగిలింది. కాదనడానికి లేదు, గురువు చెప్పిన పని. తొందరగా వదిలించుకుంటే దసరా పనికి తీరిక దొరుకుతుందనుకుని మూడు రోజుల్లో మైనపు నమూనా సిద్ధం చేశాడు. నగ చేయించుకునేవారికి ముందు మైనంలో చేసి చూపించి, వాళ్లు సరేనన్నాకే బంగారం ముట్టుకోవడం ఆ కొట్టం పద్ధతి. నమూనా ఎంత నున్నగా కుదిరిందంటే తోటివాళ్లు పని ఆపి వచ్చి చూశారు. రెండు తలలు ఎదురెదురుగా, కొమ్ములు అచ్చు గుద్దినట్టు సమానంగా, ముక్కుపుటాలు ఉబ్బి, నోళ్లు తెరిచి, మెడ మీద ఉంగరాల జుట్టు వరసలతో. అప్పలనరసమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని వెలుతురులోకి తీసుకెళ్లి చాలాసేపు చూసింది.

"ఎవరిది బాబూ ఇది?"

"మీ గేదేనమ్మా."

"మా సుక్కమ్మకింత కోపం ఎప్పుడొచ్చినాది? దానికేటి అన్నేయం సేసినాం?" అని ఇంకొంచెం దగ్గరగా పెట్టుకుని చూసింది. "పైదవడకి ముందు పళ్లు కూడా ఎట్టినావు. గేదికి పైన పళ్లుంతాయేటి నాయనా? ఇది కరిసేదినాగుంది."

భావనారాయణకు చెవులు ఎర్రబడ్డాయి. సింహానికున్న కోరలను అలవాటుగా గేదెకూ పెట్టేశాడు. తడబడుతుండగానే ఆమె రెండో తల మీద వేలు పెట్టింది.

"మరి ఈ రెండోదెవరు?"

"మురుగు రెండు కొసలకూ రెండు తలలుండాలమ్మా. జోడుగా చెయ్యడం పద్ధతి."

"మా సుక్కమ్మ ఒక్కత్తే బాబూ" అంది ఆమె. కోపంతో అనలేదు, జాలిపడుతున్నట్టు అంది. నమూనాను జాగ్రత్తగా పీట మీద పెట్టి వెళ్లిపోయింది.

నలుగురిలో పరువు పోయినట్టయింది భావనారాయణకు. సింహానికి కొలతలున్నాయి, మకరానికి కొలతలున్నాయి, గేదెకు ఎవరూ కొలతలు రాసిపెట్టలేదు, తానేం చేస్తాడని గురువుగారి ముందు మొర పెట్టుకున్నాడు. ఆయన చేతిలోని ఉంగరానికి ఆకురాయి పెడుతూ తల ఎత్తకుండానే అడిగారు.

"ఒరే, గేదెకు చెవులు కొమ్ములకు పైన ఉంటాయా, కిందా?"

భావనారాయణ తన తల మీదే చేతులతో కొమ్ములూ చెవులూ పెట్టి చూసుకున్నాడు. పక్కవాడు పైన అన్నాడు. ఇంకొకడు కింద అన్నాడు. నిమిషంలో కొట్టం రెండు పక్షాలుగా చీలిపోయింది. మకరానికి ఎన్ని పళ్లో నిద్రలో లేపి అడిగినా చెప్పే మహానుభావులు, రోజూ వీధిలో దారికడ్డం వస్తే తోలుకుంటూ వచ్చే గేదెకు చెవులెక్కడున్నాయో తేల్చుకోలేకపోయారు. మా తాతగారిది పైన అన్న పక్షం. మధ్యాహ్నం మజ్జిగన్నం తింటూ కూడా వాదించుకున్నారట. మీరు కూడా, నవ్వే ముందు, ఒకసారి కళ్లు మూసుకుని ఆలోచించుకోండి.

భావనారాయణ మాత్రం అన్నం ముట్టకుండా లేచి అప్పలనరసమ్మ పాకకు వెళ్లాడు. చెవులు కింద ఉన్నాయి. చూసి వెంటనే వచ్చేద్దామనే వెళ్లాడు గానీ, చెవి చూశాక దాని మీద చిన్న గాటు కనిపించింది, ఆ గాటెందుకొచ్చిందో తెలుసుకోవాలనిపించింది. దూడగా ఉన్నప్పుడు కుక్క పీకిందని చెప్పింది నరసమ్మ. ఎడమ కొమ్ము కుడిదానికంటే కిందికి వాలి ఉంది. అదెందుకని అడిగాడు. దానికి ఆమె పీట వేసి కూర్చోబెట్టి మరీ చెప్పింది.

"ఏరు పొంగినేడు బాబూ. ఇల్లు పోనాది, సామాన్లు పోనాయి. అప్పటికే మా ఇంటాయన లేడు. ఇద్దరు గుంటల్ని దీని ఈపునెక్కించినాను, ఇద్దర్ని నడుముకి కట్టుకున్నాను, తోక అట్టుకున్నాను. నాకు ఈత రాదు, దానికొచ్చు. నడేట్లో దుంగొకటి కొట్టుకొచ్చి కొమ్ముకి తగిలినాది. కొమ్మొంగిపోనాది గానీ ఇది వెనక్కి తిరగనేదు. ఇదిగో, ఈ ముప్పై గేదెలూ దాని కూతుల్లూ మనవరాల్లే."

చెప్పి కళ్లొత్తుకోలేదు, నవ్వింది. ఆ నవ్వు చూశాక భావనారాయణకు తాను కొట్టంలో నవ్విన నవ్వు గుర్తొచ్చి సిగ్గేసింది. మైనపు నమూనాను ఆ సాయంత్రమే కరిగించేశాడు.

ఆ మర్నాటి నుంచి ఎనిమిది రోజులు అతను పాకలోనే ఉన్నాడు. మొదటి రోజు ముక్కు మూసుకుని కూర్చున్నాడు. రెండో రోజు మూసుకోవడం మరిచిపోయాడు. మూడో రోజు నరసమ్మ గడ్డి తెస్తుంటే ఎదురెళ్లి మోపు అందుకున్నాడు. చుక్కమ్మ అతన్ని లెక్కచెయ్యలేదు. నుదుటి మీద తెల్లచుక్క, పొడుగాటి కనురెప్పలు, ఎప్పుడూ తడిగా ఉండే నల్లముట్టె. నెమరువేసేటప్పుడు కింది దవడ ఒక పక్కకు వెళ్లి, ఏదో ఆలోచించుకున్నట్టు ఒక్క క్షణం ఆగి, మళ్లీ వచ్చేది. ఆ ఆగడం అతనికి విపరీతంగా నచ్చింది. సింహం తల చెక్కినన్నాళ్లూ సింహం ఎలా ఆగుతుందో అతనికెవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు. మూడు పూటలూ మైనం ముద్ద చేతిలో పెట్టుకుని, చేసి, చెరిపి, మళ్లీ చేస్తూ, పాలు పితికేవాళ్ల కబుర్లు వింటూ, తనలో తనే నవ్వుకుంటూ ఉండేవాడు. మా తాతగారు ఒకసారి చూడ్డానికి వెళితే, "ఒరే, దీనికి అలక కూడా ఉందిరా" అని రహస్యం చెప్పినట్టు చెప్పాడట.

తల కుదిరింది. రెండో కొసే కుదరలేదు. చుక్కమ్మ ఒక్కతే. ఒక పక్క తల పెట్టి రెండో పక్క మొండిగా వదిలేస్తే నగ నిండుగా ఉండదు. తోక పెడదామా అంటే తన తోక తనే కరుచుకున్నట్టుంటుంది. ఎనిమిదో రోజు పొద్దున్న నరసమ్మ చేలో నుంచి పచ్చగడ్డి పట్టుకొచ్చింది. ఎవరు పిలిచినా లేవని ముసలి గేదె, పడుకునే మెడ సాచింది. ఆమె పిడికెడు గడ్డి ముందుకు పెట్టింది. చుక్కమ్మ పెదవి కొస గడ్డి కొసను అందుకుంది. అక్కడ ఆ రెండూ కలిసినచోట భావనారాయణకు మురుగు మూతపడే చోటు కనిపించింది. ఎగిరి గంతేసినంత పని చేశాడు. నరసమ్మ ఉలిక్కిపడి, "ఏటయినాది బాబూ, జెర్రి గానీ కరిసినాదా?" అని అడిగింది.

రెండు తలల పద్ధతిని తప్పుతున్నాడు. గురువుగారిని ఒక్కమాట అడగాలని కొట్టం దాకా వచ్చాడు. ఎదురుగా నిలబడ్డాక అడగవలసింది ఏమీ లేదనిపించింది. కుంపటి రాజేసుకున్నాడు. ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

వారానికి మురుగు తయారైంది. ఒక కొసకు చుక్కమ్మ తల, ఒక కొమ్ము వాలి, చెవికి గాటుతో, నుదుటి మీద ఆవగింజంత ముత్యంతో. రెండో కొసకు పిడికెడు గడ్డి, కొసలకు సన్నని పచ్చలు పొదిగి. శీల బిగిస్తే గడ్డి వెళ్లి గేదె నోటికి అందుతుంది. విప్పితే గేదె నోరు తెరుచుకుని ఎదురుచూస్తూ ఉంటుంది. నరసమ్మ వచ్చింది. ఈసారి వెలుతురులోకి తీసుకెళ్లలేదు. చేతికి వేసుకుని శీల బిగించింది. భావనారాయణ ఒకడుగు ముందుకు వచ్చాడు. ఆమె అతని వంక చూడనే లేదు, మురుగు వంక చూసి కేకలేసింది.

"ఒలే, నెమ్మదిగా తినే! ఎవులొద్దన్నారు? అంతా నీదే!"

అని అందరి ముందూ మురుగును ముద్దుపెట్టుకుని, బిందె అక్కడే మరిచిపోయి పాకకు పరుగెత్తింది. కొట్టంలో ఉన్నవాళ్లంతా పనులు వదిలేసి వెనకాలే పరుగెత్తారు. చుక్కమ్మ ముందు చేయి చాచి, "సూడే, నువ్వే!" అంది నరసమ్మ. చుక్కమ్మ మురుగును వాసన చూసింది. బంగారం సంగతి పక్కనబెట్టి, చేతి మీది చెమట ఉప్పును రెండుసార్లు నాకింది. గట్టిగా తుమ్మింది. ఆ తుమ్ము మా తాతగారి మీద పడింది. అందరూ ఎంత నవ్వారంటే మిగతా గేదెలు తాళ్లు తెంచుకోబోయాయట.

భావనారాయణ కూడా నవ్వాడు, కానీ ఒక చెవి గురువుగారి వైపే ఉంది. నగ నచ్చింది, చేయించుకున్నామె ఎదురుగా ఉంది, ఊరంతా చూస్తోంది. ఆ మాట అనడానికి ఇంతకంటే మంచి సమయం ఎప్పుడొస్తుంది? సోమలింగాచారిగారు నరసమ్మ చేయి పట్టుకుని మురుగును ఇటూ అటూ తిప్పి చూశారు.

"ఒరే, శీల కొంచెం బిగువుగా ఉంది. సడలించు" అన్నారు.

అతనికి దిగులేసింది. దిగులేసిందని ఒప్పుకోవడానికి సిగ్గుపడలేదు కూడా, మా తాతగారితో ఆ పూటే చెప్పుకున్నాడు. అయినా మర్నాడు పని దగ్గర కూర్చుంటే ఆ దిగులు ఎక్కువసేపు నిలవలేదట. పాక నుంచి వచ్చేటప్పుడు నరసమ్మ ఇచ్చిన జున్ను ఇంకా మిగిలి ఉండడం అందుకు ఒక కారణం కావచ్చు.

కోటకు పాలు పోసే చేయి రాణీగారి కంట పడకుండా ఎన్నాళ్లుంటుంది? నాలుగు రోజులకే దివాణం నుంచి పిలుపొచ్చింది. గురువుగారు తన వెంట భావనారాయణను తీసుకెళ్లారు. రాణీగారికి ఇరవై రెండేళ్లుంటాయి. పట్టుచీర, మెడనిండా హారాలు, వెనక విసనకర్రతో దాసి. ఆమె ఎదురుగా పెట్టెలో అత్తగారి నాటి సింహతలాటాలు తెరిచి ఉన్నాయి.

"ఆచారిగారూ, ఇవన్నీ చూసి చూసి విసుగొచ్చింది. పాల నరసమ్మ చేతికి ఉన్నటువంటి గేదె మురుగులు నాకూ కావాలి. రెండు చేతులకూ. కళ్లకు వజ్రాలు పెట్టండి. దసరాకు చుట్టుపక్కల దివాణాల వాళ్లంతా వస్తారు, ఎవరి చేతికీ లేనిది నా చేతికి ఉండాలి."

"చిత్తం. తమరి గేదె పేరేమిటమ్మా?" అన్నారు సోమలింగాచారిగారు.

దాసి చేతిలో విసనకర్ర ఆగిపోయింది. భావనారాయణ తొమ్మిదేళ్లు ఎదురుచూసిన మాట గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతోందనుకున్నాడు.

"నా గేదా? దివాణంలో ఎన్నో ఉన్నాయిట. పేర్లు నాకేం తెలుసు? పేరు లేకపోతే నగ రాదా?" అని రాణీగారు కనుబొమలు ముడిచారు.

సోమలింగాచారిగారు జవాబు చెప్పలేదు. ఆయనకది అలవాటే. కానీ ఈసారి ఎవరికీ పని కూడా చెప్పలేదు, తీరిగ్గా పైకప్పు వంక చూస్తూ నిలబడ్డారు. ఎవరో ఒకరు మాట్లాడాలి కాబట్టి భావనారాయణ చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు.

"వస్తుందమ్మా. ఎంత బాగా కావాలంటే అంత బాగా వస్తుంది. కానీ తమరి చేతికి ఉన్నా అది నరసమ్మ గేదే అవుతుంది."

రాణీగారి ముఖం ఎర్రబడింది. భావనారాయణ భయపడ్డాడు. భయపడుతూనే, పాకలో ఎనిమిది రోజులు ప్రశ్నలు అడగడం అలవాటైన నోటితో అడిగేశాడు.

"పుట్టింట్లో తమరి వెంట తిరిగిన ప్రాణి ఏదైనా ఉండేదా అమ్మా? గేదే కానక్కర్లేదు."

రాణీగారు దాసి వైపు చూశారు, గుమ్మం వైపు చూశారు, ఎవరూ రావడం లేదని రూఢి చేసుకున్నారు.

"నవ్వనంటే చెబుతాను" అన్నారు. ఆ గొంతు రాణీగారిది కాదు, చిన్నపిల్లది. "కోడిపెట్ట. కుంటిది. నడుస్తుంటే గతుకుల దారిలో బండి వెళ్లినట్టుండేదని దానికి జట్కా అని పేరు పెట్టాను. నేను ఎక్కడికి వెళితే అక్కడికి వచ్చేది. పెళ్లై వచ్చేటప్పుడు పల్లకీ వెనకాల కూడా..."

"ఏ కాలు కుంటమ్మా?" అని మధ్యలోనే అడిగాడు భావనారాయణ. అతను నవ్వలేదు. నవ్వాలని తోచనే లేదు అతనికి. చూపుడువేలు అప్పటికే గాలిలో ఏదో మెడవంపు గీస్తోంది.

"కుడికాలు. కాదు కాదు, ఎడమ. అయ్యో, ఉండండి."

గుర్తు రాలేదు. రాణీగారు లేచి నిలబడ్డారు. జరీ కుచ్చెళ్లు రెండు చేతులా పైకి పట్టుకుని, ఆ చలువరాతి గచ్చు మీద రెండడుగులు వేసి, ఒక పక్కకు ఒరిగి, తలను ముందుకూ వెనక్కూ ఆడిస్తూ, మళ్లీ రెండడుగులు వేశారు. మెడలోని హారాలన్నీ గలగలమన్నాయి. గది ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కుంటి కోడిపెట్ట నడిచి వెళ్లింది.

"ఎడమ! ఎడమకాలే!" అని కేక పెట్టారు ఆ చివరి నుంచి. దాసి ఆపుకోలేక ఫక్కున నవ్వింది. రాణీగారు ఆమెను కోప్పడబోయి తామే నవ్వడం మొదలుపెట్టి, కళ్లమ్మట నీళ్లొచ్చేదాకా నవ్వారు.

"తల ఇలా పక్కకు తిప్పి, ఒంటికంటితో చూసేదా అమ్మా?"

"అవును! మీకెలా తెలుసు?"

"నూకలు ఏ చేత్తో వేసేవారు?"

"ఈ చేత్తో. ఒళ్లో కూర్చుని తినేది" అంటూ రాణీగారు తమ అరచేతిని తామే చూసుకున్నారు. ఆ చేతికే మురుగు వేసుకోవాలని అప్పటికే నిశ్చయమైపోయినట్టుంది. అంతలో లోకం గుర్తొచ్చింది. సింహతలాటాల పెట్టె వైపు చూసి, కుచ్చెళ్లు సవరించుకుని, సోమలింగాచారిగారి వైపు తిరిగారు.

"ఆచారిగారూ, మీరు పెద్దవారు, అన్నీ తెలిసినవారు. కుంటి కోడిపెట్టను ఎక్కడైనా బంగారంలో చేశారా? చెయ్యవచ్చునంటారా?"

సోమలింగాచారిగారు రెండు చేతులూ జోడించారు.

"నాకేం తెలుసమ్మా? భావనాచారిగారిని అడగండి."